కారు రిపేర్లలో ఇంట్లో చేసుకోదగ్గవి ఏవి, మెకానిక్‌కే వదిలేయాల్సినవి ఏవి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: శ్రీకాకుళంలో ఉంటున్నారు, పాత శాంట్రో జింగ్ ఒకటి కొన్నారు, వీడియోలు చూసి పానాల సెట్టు కూడా తెచ్చుకున్నారు. ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు, టైమింగ్ బెల్టు, ఏసీ గ్యాసు - ఈ మూడూ ఇంటి దగ్గరే చేసుకోవచ్చా అని.

నాది విజయనగరం. మొదటి నుంచీ సెకండ్ హ్యాండ్ బళ్లే నడుపుతున్నాను. ఇంజిన్ ఆయిల్, ప్లగ్గులు, ఫిల్టర్లు ఇంటి ముందే మార్చుకుంటాను కాబట్టి మీ సరదా నాకు బాగానే అర్థమవుతుంది. అయినా మీరు అడిగిన మూడింటికీ వద్దనే చెప్తాను.

పని తేలికా కష్టమా అన్నదాన్ని బట్టి నేను తేల్చుకోను. ప్యాడ్లు మార్చడం నిజానికి తేలికే. తప్పు చేస్తే అది ఎక్కడ బయటపడుతుందో చూస్తాను. బల్బు సరిగా కూర్చోకపోతే వెలగదు, అక్కడే తెలిసిపోతుంది. బ్యాటరీ టెర్మినల్ వదులుగా ఉంటే బండి స్టార్ట్ కాదు, గుమ్మంలోనే ఉంటుంది. బ్రేకుల్లో చేసిన తప్పు మాత్రం శృంగవరపుకోట నుంచి అరకు వెళ్లి, ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది.

భోగాపురం వైపు సముద్రానికి దగ్గర్లో మా బావమరిది ఉంటాడు. ప్యాడ్లు తనే వేసుకున్నాడు, బాగానే కుదిరాయి. ఆ ధైర్యంతో బ్రేక్ ఆయిల్ కూడా మారుద్దామని, పాత ఆయిల్, గాలి బయటికి వదిలే మర అయిన బ్లీడింగ్ నిపుల్‌కి పానా పెట్టాడు. ఉప్పు గాలికి అది లోపల తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. గట్టిగా తిప్పేసరికి సగం విరిగి, ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్‌లోనే ఉండిపోయింది. ఆ ముక్క తీయించడానికి లేత్ షాపుకి వెళ్లాల్సి వచ్చింది. తరవాత మళ్లీ అన్నీ బిగించి బండి తీస్తే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతోంది. బ్రేక్ ఆయిల్ వెళ్లే పైపు లైన్లో గాలి ఉండిపోయింది. అప్పుడు పిలిపించిన మేస్త్రి చూసి, "ఇప్పడం అందరూ ఇప్పేస్తారు బాబూ, బిగించడం కాడే వస్తాది తంటా" అన్నాడు. మనిషి మాట కాస్త కటువు గానీ, ఎయిర్ తీయడం మాత్రం ఆయన చేస్తుంటే చూడాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు నిపుల్ వదులు చేసి బుడగలు ఆగేదాకా ఆయిల్ వదిలి, పెడల్ పైకి రాకముందే బిగించాలి. పైన డబ్బాలో ఆయిల్ తగ్గిపోతే మళ్లీ గాలి లాగేస్తుంది, మొదటికొస్తుంది.

బ్రేక్ ఆయిల్ గురించి ఒక సంగతి వీడియోల వాళ్లు సరిగా చెప్పరు. అది గాలిలో తేమను లాక్కుంటుంది. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205, 140. సాలూరు నుంచి సుంకి వైపు ఘాట్‌లో గేరు తగ్గించకుండా బ్రేకు మీదే దిగుతూ వస్తే ఆయిల్ అంత వేడికి రావచ్చు. అది మరిగితే లైన్లో ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ నేలకి తగులుతుంది, బండి ఆగదు. అందుకే సీసా తెరిచి నెలలు గడిచిన ఆయిల్ పోయకూడదు, దాదాపు రెండేళ్లకోసారి మార్చాలి. మీ పాత ఓనర్ మార్చాడో లేదో మీకు తెలీదు కదా, దీనితోనే మొదలుపెట్టండి. ప్యాడ్లు మీరే కొని ఇవ్వండి, పక్కనే నిలబడి చూడండి, పని మాత్రం మేస్త్రి చేతికి వదలండి.

ఇక టైమింగ్ బెల్టు. మీ 1.1 ఇంజిన్‌కి చైన్ ఉండదు, రబ్బరు బెల్టే. కింద పిస్టన్లతో కలిసి తిరిగే క్రాంక్ షాఫ్టు, పైన వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్టు ఒకదానికొకటి సరైన స్థానంలో తిరిగేలా చూసేది అదే. పళ్లు ఒకటి రెండు అటూ ఇటూ పడితే బండి లాగదు, ఇంకా ఎక్కువ తప్పితే పిస్టన్లు వెళ్లి వాల్వులకి తగులుతాయి. అప్పుడు ఇంజిన్ పై భాగం, అంటే హెడ్డు, దించాల్సిందే. బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే వెంటనే మార్పించండి, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగ్ కూడా కలిపి. బెల్టు తెగేముందు చాలాసార్లు చప్పుడు కూడా చేయదు. మీరు ఇప్పటివరకు బాగానే తిరిగిందని నమ్ముకోకండి.

ఏసీ విషయంలో మనవాళ్లకి ఒక అలవాటు ఉంది. చల్లదనం తగ్గితే "గ్యాస్ అయిపోయింది, కొట్టించాలి" అంటారు. పెట్రోల్ అయిపోయినట్టు గ్యాస్ అయిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. మన దగ్గర ఎక్కువగా రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్‌కి తుప్పు పడుతుంది, లేదా పైపుల అతుకుల్లో ఉండే రబ్బరు ఓ-రింగులు ఎండిపోతాయి. ముందు నైట్రోజన్ ప్రెషర్ పెట్టి లీకు పట్టాలి, దాన్ని బాగు చేయాలి, తరవాత వ్యాక్యూమ్ పంపుతో లోపలి గాలి, తేమ లాగేసి, అప్పుడు కంపెనీ చెప్పినంత తూకం ఎక్కించాలి. మీ బండిలో వాడే ఆర్134ఎ వాయువు మామూలు గాలి పీడనంలో మైనస్ 26 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతుంది. అది ద్రవంగా చేతి మీద పడితే చర్మం గడ్డకట్టి పుండు పడుతుంది, కంట్లో పడితే ఇంక చెప్పక్కర్లేదు. పైపు విప్పి చూద్దామనే ఆలోచన పూర్తిగా మానుకోండి. ఇంట్లో చేయాలనుంటే కండెన్సర్ మీది దుమ్ముని మెల్లగా నీళ్లు పోసి కడగండి. మీ మోడల్‌కి క్యాబిన్ ఫిల్టర్ ఉంటే దులపండి. చాలాసార్లు దాంతోనే సగం తేడా కనిపిస్తుంది.

మీరు అడగలేదు గానీ జాకీ సంగతి చెప్పాలి. డిక్కీలో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికే. దాని మీద బండి ఆనించి కిందికి దూరకండి. పెరట్లో తడి మట్టి మీద అయితే అసలు వద్దు. నా ఆయిల్ మార్పు గచ్చు మీద, గట్టి స్టాండ్లు వేసి మాత్రమే.

తుపాను ముచ్చట కూడా ఒకటి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తరవాత మా పక్క వీధి పల్లంలో ఒకాయన కారు బోనెట్ దాకా మునిగింది. నీళ్లు తగ్గగానే ఆత్రంగా తాళం తిప్పాడు. సిలిండర్‌లో నీళ్లుంటే అవి నొక్కుకోవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. బ్యాటరీ వైరు తీసేసి, తాళం ముట్టుకోకుండా, తోయించుకెళ్లి మెకానిక్‌కి అప్పగిస్తే ప్లగ్గులు విప్పి నీళ్లు బయటికి తోసేవాడు, ఇంజిన్ బతికేది. నాగావళి, వంశధార పక్కన ఉండే మీలాంటి వాళ్లకి ఇది గుర్తుంటే మంచిది.

మీ బండికి వర్తించకపోవచ్చు, చదివే వేరేవాళ్ల కోసం: 2019 జూలై తరవాత తయారైన కార్లలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. హారన్ మోగడం లేదని స్టీరింగ్ మధ్య కప్పు ఊడదీసే పాత పద్ధతి వాటిలో పనికిరాదు. లోపల పేలే పదార్థం ఉంటుంది. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బళ్లలో కూడా లైన్ల నుంచి గాలి పూర్తిగా పోవాలంటే కొన్నిటికి బండి కంప్యూటర్‌కి తగిలించే స్కానర్ కావాలి, అలాంటివి షెడ్డు కంటే స్కానర్ ఉన్న చోటికే తీసుకెళ్లండి. క్లచ్ ప్లేటు, బుష్‌లు, షాక్ అబ్జార్బర్లకైతే మంచి చేయి ఉన్న షెడ్డు మేస్త్రే నాకు ఇష్టం. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బాగయ్యేది కూడా మార్చేస్తారని నా అభిప్రాయం.

మీ చేతులకి పని కావాలంటే ఎయిర్ ఫిల్టర్, వైపర్లు, ఫ్యూజులు, బల్బులు, బ్యాటరీ టెర్మినళ్లు చాలు. ప్లగ్గులు మార్చేటప్పుడు ఇంజిన్ చల్లారాక, మొదటి చుట్లు చేత్తోనే తిప్పండి. హెడ్డు అల్యూమినియం, మర అడ్డంగా పడితే పాడైపోతుంది. రేడియేటర్ మూత వేడిగా ఉన్నప్పుడు తెరవకండి.

మేస్త్రికి బండి ఇచ్చేటప్పుడు తీసిన పాత బెల్టు, ప్యాడ్లు డిక్కీలో వేయమని ముందే చెప్పండి. కొత్తవాటి డబ్బాలు అడిగి తీసుకుని, వాటి మీద తేదీ, కిలోమీటర్లు రాసి పెట్టుకోండి. అలా అడిగితే చిరాకు పడేవాడి దగ్గరికి నేను మళ్లీ వెళ్లను.