సగం ధరకు దొరికే టైరు కొనొచ్చా? బండి టైర్ల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ టైర్ల గురించే ఉన్నాయి. దాదాపు అందరూ అడిగింది ఒకటే: ఖర్చు తగ్గాలి, కానీ పడిపోకూడదు. అందుకే ఈ శీర్షిక మొత్తం టైర్లకే ఇచ్చేశాను.

ప్రశ్న: సార్, నాది 150 సీసీ బండి. రోజూ యాభై కిలోమీటర్లు తిరుగుతాను. వెనక టైరు గుండు అయిపోయింది, ముందుది ఇంకా సగం ఉంది. పేరున్న కంపెనీ టైరు ధర వింటే గుండె గుభేలుమంది. ఎప్పుడూ పేరు వినని కంపెనీ టైరు, అదే సైజు, సగం ధరకే ఇస్తానంటున్నాడు షాపతను. తీసుకోవచ్చా? రెండూ కలిపి మార్చాలా?

ముందు మీ రెండో ప్రశ్న చూద్దాం, ఎందుకంటే మీకు డబ్బు మిగిలేది అక్కడే. రెండూ కలిపి మార్చాల్సిన పని లేదు. ఇంజిన్ బలమంతా వెనక టైరు మీదే పడుతుంది, బరువూ ఎక్కువగా దాని మీదే ఉంటుంది, అందుకని అది త్వరగా అరుగుతుంది. మామూలు వాడకంలో రెండు వెనక టైర్లు అయిపోయేసరికి ఒక ముందు టైరు అయిపోతుందని పెట్టుకోండి. మీ ముందు టైరు పక్కన టీడబ్ల్యూఐ (TWI) అనే అక్షరాలో చిన్న త్రికోణమో కనబడుతుంది. దానికి ఎదురుగా ఉన్న గాడిలోకి చూస్తే అడుగున చిన్న రబ్బరు దిమ్మ ఉంటుంది. పైన ఉన్న రబ్బరు అరిగి అరిగి ఆ దిమ్మతో సమానం అయిన రోజు టైరు అయిపోయినట్టే. మీది ఇంకా సగం ఉందంటున్నారు కాబట్టి, పగుళ్లు లేకపోతే హాయిగా వాడుకోండి. ఒక్క జాగ్రత్త: ముందున్నది నైలాన్ టైరా (లోపలి దారాలు ఏటవాలుగా వేసినది), రేడియల్ టైరా (దారాలు అంచు నుంచి అంచుకు నేరుగా వేసినది) చూసుకుని, బండి పుస్తకంలో ఏ జత రాసి ఉందో ఆ జతే ఉంచండి. ముందు రేడియల్, వెనక నైలాన్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. బండి తీరే మారిపోతుంది.

ఇక సగం ధర టైరు. ధర చూసి కాదు, కిలోమీటరుకు ఎంత పడుతుందో చూసి లెక్క వేయండి. చవక టైరు 8 వేల కిలోమీటర్లు నడిచి, దానికి రెట్టింపు ధర ఉన్నది 18 వేలు నడిచింది అనుకోండి, అప్పుడు ఖరీదైన టైరే చవక. పైగా చవక టైరుకు రెండుసార్లు చక్రం విప్పించాలి, రెండుసార్లు కొత్త వాల్వ్ వేయించాలి, రెండుసార్లు బ్యాలెన్సింగ్, అంటే చక్రం బరువు అన్నివైపులా సమానం చేయించాలి, రెండుసార్లు మీ పని మానుకుని షాపు దగ్గర నిలబడాలి. ఇవేవీ షాపతను చెప్పే ధరలో ఉండవు.

కానీ నా అసలు భయం డబ్బు గురించి కాదు, తడి రోడ్డు గురించి. టైరు నేలను తాకే చోటు మీ అరచేయంత కూడా ఉండదు, మీరు బ్రేక్ కొట్టినా, వంగి మలుపు తిరిగినా పట్టు మొత్తం ఆ కాస్త రబ్బరుదే. చవక టైరు పొడి రోడ్డు మీద మంచి టైరులాగే ఉంటుంది, అదే మోసం. నేను కొన్నేళ్ల కిందట అలాంటిదే ఒకటి వెనక వేయించాను. నెలన్నర పాటు ఏ తేడా కనబడలేదు, డబ్బు మిగిలిందని సంతోషించాను కూడా. మొదటి వాన పడిన సాయంత్రం, పెద్ద స్పీడు కూడా లేదు, ఎదురుగా కారు ఆగితే మామూలుగా బ్రేక్ నొక్కాను. జీబ్రా క్రాసింగ్ తెల్ల గీత మీదకు వచ్చేసరికి వెనక చక్రం చల్లగా పక్కకు జరిగిపోయింది. కాలు ఆనించుకోగలిగాను కాబట్టి పడలేదు. ఆ వారమే దాన్ని విప్పించేశాను, గాడులు సగం కూడా అరగలేదు. గాడుల లోతు నీళ్లను బయటకు తోస్తుంది, అంతవరకే. రోడ్డును పట్టుకోవాల్సింది రబ్బరు మిశ్రమం, అది కంటికి కనబడదు, వేలితో నొక్కి చూస్తే తెలియదు.

అలాగని అన్నిటికన్నా ఖరీదైనది కొనమని నేను చెప్పను. అంటుకుపోయే మెత్తటి రబ్బరుతో చేసే స్పోర్ట్స్ టైరు రోజూ ఆఫీసుకు తిరిగే మనిషికి దండగ, మధ్యలో చకచకా అరిగిపోతుంది, అది బాగా వేడెక్కితే తప్ప దాని గొప్పతనం బయటపడదు కూడా. మీలాంటి వాడకానికి మంచి పేరున్న కంపెనీ చేసే మధ్య రకం, అంటే కమ్యూటర్ లేదా టూరింగ్ టైరు చాలు. కొన్ని టైర్లకు మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటి రబ్బరు వేస్తారు. నేరుగా వెళ్లేటప్పుడు అరగదు, వంగినప్పుడు పట్టుకుంటుంది, మీ సైజులో దొరికితే అది మంచి బేరం. ఇంకో కిటుకు: కంపెనీ కొత్త మోడల్ తెచ్చినప్పుడు పాత మోడల్ ధర తగ్గిస్తుంది. నిన్నటి వరకు అందరూ మెచ్చుకున్న టైరు రాత్రికి రాత్రి చెడ్డది అయిపోదు కదా, అది అడిగి తీసుకోండి. నేను నా బండికి చాలాసార్లు చేసింది ఇదే.

కొనే ముందు పక్కన రాసిన అంకెలు చదవండి. ఉదాహరణకు 130/70-17 62 ఎస్ అని ఉంటే, వెడల్పు 130 మిల్లీమీటర్లు, ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, రిమ్, అంటే టైరు బిగించే లోపలి చక్రం, 17 అంగుళాలు. ఆ తర్వాతి 62 టైరు మోయగలిగే బరువుకు గుర్తు, 62 అంటే 265 కిలోలు. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వరకు తట్టుకుంటుందని. పి అయితే 150, హెచ్ అయితే 210. ఈ బరువు అంకె, వేగం అక్షరం రెండూ మీ బండి పుస్తకంలో రాసినదానికన్నా తక్కువ ఉండకూడదు, ఎక్కువ ఉంటే ఇబ్బంది లేదు. సైజు ఒకటే అని షాపతను చూపించే చవక టైర్లలో చాలాసార్లు తేడా ఈ చివరి అంకె, అక్షరం దగ్గరే ఉంటుంది. వెనక ఇంకొకరిని ఎక్కించుకుని తిరిగేవాళ్లు దీన్ని అస్సలు వదిలేయకండి.

ప్రశ్న: అన్నా, ఎలాగూ వెనక టైరు మార్చాలి కదా అని 140 తీసి 150 వేయిద్దామనుకుంటున్నా. లుక్ అదిరిపోతుంది, గ్రిప్ కూడా పెరుగుతుందని మావాళ్లు అంటున్నారు. నిజమేనా?

లుక్ సంగతి నీ ఇష్టం తమ్ముడూ, గ్రిప్ మాత్రం పెరగదు. రిమ్ వెడల్పు మారదు కదా. వెడల్పు టైరును ఇరుకు రిమ్‌లో బిగిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి, మధ్య భాగం గుండ్రంగా పైకి లేస్తుంది. అప్పుడు నేలను సరిగ్గా తాకాల్సిన చోట తాకదు, అంచుల్లో ఉన్న రబ్బరు ఎప్పటికీ వాడకంలోకి రాదు. నువ్వు డబ్బు పెట్టి కొన్న రబ్బరు ఊరికే మోసుకు తిరుగుతావన్నమాట.

లెక్క కూడా చూడు. 140/60-17లో టైరు ఎత్తు 84 మిల్లీమీటర్లు, 150/60-17లో 90. అంటే పైన ఆరు, కింద ఆరు, మొత్తం చక్రం 12 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. టైరుకూ, చైను, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం), మడ్‌గార్డ్‌లకూ మధ్య ఉన్న సందు ఎంతో ఎప్పుడైనా వేలు పెట్టి చూశావా? కొన్ని బండ్లలో అసలు ఉండదు. ఖాళీగా నిలబెట్టినప్పుడు తగలదు, ఇద్దరు ఎక్కి గుంతలో పడితే తగులుతుంది. పైగా వెడల్పు టైరు బరువెక్కువ, బండి మలుపు తిరగడానికి బద్ధకిస్తుంది, మైలేజీ కాస్త తగ్గుతుంది, ధర కూడా ఎక్కువే. అదే సైజులో ఒక మెట్టు మంచి టైరు కొను, ఆ తేడా మొదటి మలుపులోనే తెలుస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారి బండి నేను వాడుతున్నాను. ఆయన పెద్దగా నడపలేదు, టైర్ల గాడులు కొత్తవాటిలా ఉన్నాయి. కానీ చినుకులు పడితే చాలు బండి జారుతోంది. టైర్లు మార్చమంటే ఇంట్లో "ఇంత బాగున్నవి పారేస్తావా" అంటున్నారు. ఏం చెప్పాలి?

మీకు జారుతున్నట్టు అనిపించిందంటే జారుతున్నట్టే అమ్మా, ఇంట్లోవాళ్ల మాట కన్నా మీ చేతికి తెలిసిందే నిజం. టైరు పక్కన డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస ఉంటుంది, దాని చివర నాలుగు అంకెలు చూడండి. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఆ అంకెలు ఒక పక్కనే ఉండొచ్చు, కనబడకపోతే బండికి అవతలివైపు వెళ్లి వెతకండి.

రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. ఎండ, గాలి, వేడి తగిలి గట్టిపడుతుంది, గట్టిపడ్డ రబ్బరు రోడ్డు గరుకులోకి ఇమడదు. ఇంట్లోవాళ్లను బండి దగ్గరకు తీసుకెళ్లి, టైరు పక్క భాగాన్ని బొటనవేళ్లతో గట్టిగా నొక్కి చూపించండి. ఎండిన చెరువు అడుగులా సన్నటి పగుళ్లు విచ్చుకుంటే వాళ్లతో వాదించే పని ఉండదు. గాడుల అడుగున కూడా చూడండి, పగుళ్లు చాలాసార్లు అక్కడే మొదలవుతాయి. ఐదేళ్లు దాటిన టైరును ఏటా తెలిసినవాళ్లతో పరీక్ష చేయించాలి, పదేళ్లు నిండితే ఎంత బాగా కనిపించినా తీసేయాలి. మీవి ఇప్పటికే జారుతున్నాయి కాబట్టి అంకెలు ఏం చెప్పినా నేనైతే ఆగను. రెండూ ఒకేసారి మార్చే డబ్బు లేకపోతే ముందు టైరు మొదట మార్చండి. గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు బరువంతా ముందుకే వస్తుంది, ముందు చక్రం జారితే బండిని నిలబెట్టుకోవడం చాలా కష్టం. వెనకది మాత్రం ఎక్కువ రోజులు ఆపకండి, అప్పటిదాకా వాన పడితే బండి బయటకు తీయొద్దు.

ఇదే అంకె వల్ల డబ్బు మిగిలే దారి కూడా ఒకటుంది. షాపులో నీడన, సరిగ్గా నిల్వ చేసిన టైరు తయారై ఏడాదిన్నర, రెండేళ్లయినా కొత్తదే. అలాంటిది కనబడితే తేదీ చూపించి ధర తగ్గించమని అడగండి, తగ్గిస్తారు. నాలుగేళ్లదైతే ఎంత తగ్గించినా వద్దు.

ప్రశ్న: స్పోక్ వీల్ బండికి ట్యూబ్‌లెస్ టైరు వేయిస్తే పంచర్ల గొడవ తప్పుతుందా?

తప్పదు. స్పోకులు దిగిన రంధ్రాల్లోంచి గాలి పోతుంది కాబట్టి మామూలు స్పోక్ రిమ్‌లో లోపల ట్యూబ్ పెట్టాల్సిందే, ట్యూబ్ ఉన్నాక మేకు దిగితే ఒక్కసారిగా గాలి దిగిపోవడం మామూలే. ట్యూబ్ టైరే వేయించుకోండి, దాంతోపాటు ట్యూబ్ కూడా కొత్తది వేయించండి. పాత ట్యూబ్ సాగి ఉంటుంది, కొత్త టైరులో మడతపడి ఆ మడత దగ్గరే చిరుగుతుంది. స్పోకుల చివర్లు ట్యూబ్‌కు గుచ్చుకోకుండా లోపల వేసే రిమ్ టేపు కూడా ఒకసారి చూడమనండి.

ప్రశ్న: అంచుకు దగ్గర్లో పంచర్ పడింది. వేయించి వాడొచ్చా, లేక సెకండ్ హ్యాండ్ టైరు చూసుకోమంటారా?

రెండూ వద్దు. నేలను తాకే మధ్య భాగంలో, 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రమైతే టైరు విప్పి లోపలి నుంచి ప్యాచ్ వేయించి వాడుకోవచ్చు. బయటి నుంచి గుచ్చే తాడు ఇంటికి చేరడానికి మాత్రమే. అంచు దగ్గర టైరు ప్రతి చుట్టుకూ వంగుతుంటుంది, అక్కడ వేసిన పంచర్ ఎప్పుడు ఊడుతుందో ఎవరూ చెప్పలేరు. సెకండ్ హ్యాండ్ టైరు సంగతికొస్తే, దాన్ని ఎవరో ఎందుకు తీసేశారో మీకు తెలియదు. గాలి లేకుండా ఎంత దూరం నడిపారో, లోపల పొరలు ఎలా ఉన్నాయో పైనుంచి కనబడదు. ఈ ఒక్క విషయంలో నేను చాలా మొండిగా ఉంటాను.

ప్రశ్న: రేపు కొత్త టైర్లు వేయిస్తున్నాను. ఎక్కువ రోజులు రావాలంటే ఏం చేయాలి? నైట్రోజన్ కొట్టించమంటున్నారు.

మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, రోడ్డు బండికి దానికోసం వేరే డబ్బు పెట్టక్కర్లేదు. ఆ డబ్బుతో గాలి కొలిచే చిన్న గేజ్ ఒకటి కొనుక్కోండి. టైరు జీవితాన్ని పెంచేది గాలి సరిగ్గా ఉండటమే. తక్కువైతే టైరు వేడెక్కి లోపల దెబ్బతింటుంది, ఎక్కువైతే మధ్యలో మాత్రమే అరిగి బల్లపరుపుగా అయిపోతుంది. వారానికోసారి, పొద్దున్నే బండి తీయకముందే చూడండి. నడిపి వచ్చాక చూస్తే వేడికి అంకె పెరిగి ఉంటుంది, 30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉన్న టైరులో పది డిగ్రీల వేడి పెరిగితే ఒకటిన్నర పీఎస్ఐ దాకా ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఉండాలో చైన్ కవర్ మీదో స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కర్ ఉంటుంది. టైరు పక్కన రాసి ఉండేది గరిష్ఠం, అంత కొట్టించకండి.

రేపు షాపులో పని అయ్యేదాకా దగ్గరే నిలబడండి. టైరు పక్కన బాణం గుర్తు ఉంటుంది, చక్రం ముందుకు తిరిగే వైపే అది చూపించాలి. రంగు చుక్క ఉంటే వాల్వ్ పక్కకు రావాలి. ట్యూబ్‌లెస్ అయితే రబ్బరు వాల్వ్ కొత్తది వేయమనండి, చిన్న ఖర్చే. బయటకు వచ్చాక మొదటి 150 కిలోమీటర్లు నెమ్మదిగా వెళ్లండి, కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది, ఒక్కసారిగా వంచినా, గట్టిగా బ్రేక్ కొట్టినా జారుతుంది. షాపతను మెరుపు కోసం టైరుకు పాలిష్ పూయబోతే నేలను తాకే భాగానికి పూయొద్దని అప్పుడే చెప్పండి.