పొలం అమ్మే ముందు...

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం. మా ఆయన ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. రెండేళ్ల క్రితం షేర్ మార్కెట్లో ఆప్షన్స్ ట్రేడింగ్ (ధర పెరుగుతుందో తగ్గుతుందో అంచనా కట్టి డబ్బు పెట్టడం) మొదలుపెట్టారు. కొత్తలో ఒకే రోజు 40 వేలు వచ్చాయి. ఇప్పుడు 9 లక్షల అప్పు ఉంది, నా నగలూ తాకట్టులో ఉన్నాయి. అడిగితే "మా నాయన శెనక్కాయ వేసి వాన కోసం చూడలేదా, అది జూదం కాదా?" అంటారు. మా నాన్న తన పొలం అమ్మి అప్పు కట్టేస్తానంటున్నారు. ఒప్పుకోమంటారా?
– ఒక సోదరి

జవాబు: వద్దమ్మా, ఇప్పుడే ఒప్పుకోకండి.

మీ ఆయన అన్నది సాకు కాదు, ఆయన దాన్ని నమ్ముతున్నారు. అందుకే దానికి జవాబు చెప్పాలి. అనంతపురం మెట్ట సేద్యంలో రిస్కు ఉన్న మాట నిజం. కానీ శెనక్కాయ విత్తిన రైతు ఫలితం కోసం నాలుగు నెలలు ఆగాలి. పైరు ఎండిందని ఆ గంటలోనే రెట్టింపు విత్తనం వేయలేడు. పంట పండితే లోకంలోకి కొత్తగా కాయ వస్తుంది. ఆప్షన్స్‌లో ఒకరికి వచ్చిన రూపాయి ఇంకొకరికి పోయిన రూపాయే. బ్రోకరేజీ, పన్నులు ఇద్దరి దగ్గరా పోతాయి. పైగా ఫలితం నిమిషాల్లో తెలిసిపోతుంది. పోగానే ఇంకోసారి పెట్టొచ్చు. మనిషిని పట్టేసేది ఆ "ఇంకోసారి"యే.

ఒట్టి డబ్బాశే అయితే 9 లక్షలు పోయాక భయపడి ఆగేవారు. ఆయన్ను లాగుతున్నది ఉత్కంఠ. ఎప్పుడొస్తుందో తెలియని గెలుపు, రోజూ వచ్చే గెలుపు కంటే గట్టిగా అలవాటైపోతుంది. దానికి తోడు పోయినదాన్ని రాబట్టాలన్న పంతం. మొదట్లో వచ్చిన ఆ 40 వేలే మీ ఇంటిని ఎక్కువగా దెబ్బతీశాయని నాకనిపిస్తోంది. "నాకు ఇది చేతనవుతుంది" అన్న నమ్మకం అక్కడే పుట్టింది. 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్) చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2024లో చెప్పింది. ఈ అంకె ఆయనకూ తెలిసే ఉంటుంది. మిగిలిన ఏడు శాతంలో తానుంటానని అనుకుంటారు కాబట్టి దీంతో వాదనకు దిగకండి.

ఈ స్థితిలో అప్పు మొత్తం ఒక్కసారిగా తీరిస్తే ఆయన మెడ మీద బరువు పోతుంది, చేతిలో ఫోను అలాగే ఉంటుంది. మళ్లీ అప్పు పుట్టడం తేలికవుతుంది. కాబట్టి ముందు అప్పులన్నీ ఒక కాగితం మీద ఆయన చేతే రాయించండి. బ్యాంకులు, రుణ సంస్థల దగ్గర తీసుకున్న అప్పుల వివరాలుండే సిబిల్ రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితంగా వస్తుంది, దాంతో సరిచూసుకోండి. స్నేహితుల దగ్గర తెచ్చిన చేబదుళ్లు అందులో కనిపించవు, అవి ఆయన నోటితోనే రావాలి. బ్రోకర్‌కు రాసి ఎఫ్ అండ్ ఓ సెగ్మెంట్ ఆపించమనండి. జీతం ఖాతా కొన్నాళ్లు మీరు చూసుకోండి. ఇవన్నీ ఆయన ఒప్పుకుని చేయాలి. దొంగచాటుగా చేస్తే ఇంకో ఫోను, ఇంకో ఖాతా వస్తాయి. ఇవి జరిగాక మీ నాన్న సాయం చేయదలిస్తే, ఎక్కువ వడ్డీ ఉన్న అప్పును నేరుగా ఇచ్చినవాళ్లకే కట్టమనండి. నగదు ఆయన చేతికి ఇవ్వొద్దు. పొలం జోలికి మాత్రం వెళ్లొద్దు.

ఆపలేని జూదాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది. అంటే దీనికి వైద్యం ఉంది. అనంతపురం సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి. మొదటిసారి మీరూ వెంట వెళ్లండి. బంధువుల ముందు మాత్రం ఆయన్ను నిలదీయొద్దు. సిగ్గుపడిన మనిషి అప్పులు ఇంకా దాస్తాడు.

ఇంకో ముఖ్యమైన మాట. "నేను పోతే ఇన్సూరెన్స్ వస్తుంది" లాంటి మాట ఆయన నోట వస్తే కోపంలో అన్నారని వదిలేయకండి. ఆయన్ను ఒంటరిగా ఉంచకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. మీకు నిద్ర పట్టని రాత్రి మీ కోసం కూడా ఆ నంబరుకు చేయండి.