ఇంగ్లిష్ కథలో ఇంటి తీరు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఇంగ్లిష్ కథలు రెండూ చదివాను. తెలుగుదనం కోసం వాటినిండా పండుగలూ పిండివంటలూ పేర్చావు కానీ, నీ మనుషులు మాట్లాడుకునే తీరు ఏ అమెరికా సీరియల్‌లోనైనా వినిపించేదే. చైనాలో పుట్టి పెరిగి ఇంగ్లిష్‌లో రాస్తున్నవాళ్లను శ్రద్ధగా చదవమని చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు హా జిన్ నవల ‘వెయిటింగ్’ చదువు. చిన్న వయసులోనే చైనా సైన్యంలో పనిచేసిన ఆయన 1985లో పైచదువులకు అమెరికా వెళ్లి, అక్కడే ఇంగ్లిష్‌లో రాయడం మొదలుపెట్టాడు. 1999లో వచ్చిన ఈ నవలకు అక్కడి నేషనల్ బుక్ అవార్డు లభించింది. లిన్ కాంగ్ అనే సైనిక వైద్యుడు ఏటా వేసవిలో సొంతూరు వెళ్లి, పెద్దలు కుదిర్చిన భార్య షుయూను విడాకులకు ఒప్పిస్తాడు. తీరా కోర్టుకు వెళ్లాక ఆమె మనసు మార్చుకుంటుంది. అతడు ఒట్టి చేతులతో తిరిగొస్తాడు. భార్య సమ్మతి లేకుండా విడిపోవాలంటే 18 ఏళ్లు ఎడంగా ఉండాలని అతడు పనిచేసే ఆసుపత్రి నిబంధన. అతడు ప్రేమించిన నర్సుతో కలిసి ఆవరణ దాటి నడవడానికి కూడా వీల్లేదు. ఇంత దుఃఖాన్ని హా జిన్ పొట్టి వాక్యాల్లో, సాదా మాటల్లో, గొంతు పెంచకుండా చెబుతాడు. ఎవరు చూస్తారో, పై అధికారి ఏమంటాడో అన్న జంకు ఆ వాక్యాల నడకలోనే ఉంది. అన్నీ వదిలేసి వెళ్లిపోవచ్చు కదా అని మనకు అనిపిస్తుంది. అది అక్కడ ఎందుకు దారి కాదో ఆయన ఒక్కచోట కూడా వ్యాఖ్యానించడు, కథే చెబుతుంది. నువ్వు అలవరచుకోవలసింది ఆ నమ్మకాన్నే.

షావోలు గువో 2007 నాటి నవలలో వేరే దారి తొక్కింది. లండన్‌కు చదువుకోవడానికి వచ్చిన చైనా యువతి తప్పుల ఇంగ్లిష్‌లోనే కథ మొదలై, ఆమె భాషతోపాటు వాక్యాలూ కుదుటపడతాయి. చైనా భాషలో కాలాన్ని బట్టి క్రియ రూపం మారదు కాబట్టి, ఇంగ్లిష్ కాలాలతో ఆమె పడే పాట్లు ప్రియుడితో ఆమెకున్న పేచీలోకి కూడా పాకుతాయి. ఇది కత్తిమీద సాము, నువ్వు ఇప్పుడే దీని జోలికి పోవద్దు. తప్పుల భాష రాస్తే మనిషి చులకనైపోయే ప్రమాదముంది. తన తల్లి మాట్లాడే ఇంగ్లిష్‌ను విని దుకాణాల్లో, ఆసుపత్రుల్లో ఆమెను లెక్కచేయకపోవడం గురించి, చైనా నుంచి వచ్చిన దంపతులకు అమెరికాలో పుట్టిన రచయిత్రి ఎమీ టాన్ 1990లో వ్యాసం రాసింది. ఆ తల్లినే పాఠకురాలిగా మనసులో పెట్టుకుని తన మొదటి నవల రాశానని కూడా అందులో చెప్పింది.

ఇక నీ రెండో కథలో రైల్వే స్టేషన్ ఘట్టం. తండ్రి కొడుకును కావలించుకుని, నిన్ను చూసి గర్వపడుతున్నానంటాడు. మీ నాన్నగారు ఎప్పుడైనా అలా అన్నారా? టికెట్ జేబులో ఉందో లేదో రెండోసారి అడిగి, నీళ్ల సీసా కొనితెచ్చి, బండి కదిలేదాకా కిటికీ దగ్గరే నిలబడి ఉంటారు. ఇంగ్లిష్ పాఠకుడికి అర్థం కాదేమోనన్న బెంగ మానేసి, వివరణ ఒక్క ముక్క కూడా జోడించకుండా ఆ పేజీ మాత్రం తిరగరాసి పంపు. తక్కిన కథ గురించి ఆ తరవాత మాట్లాడుకుందాం.