టీసీ దరఖాస్తు మీ చేత్తో రాయకండమ్మా

ప్రశ్న: మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. రెండేళ్ళ కిందట మావారు పోయారు. అప్పట్నుంచి మా బాబు మనిషే మారిపోయాడు. ఇప్పుడు ప్రభుత్వ బడిలో ఏడో తరగతి. క్లాసులో ఉన్నట్టుండి ఏడుస్తాడు, పుస్తకాలు విసిరేస్తాడు. కొన్ని రోజులు పొద్దున్నే కడుపునొప్పంటాడు. టీసీకి దరఖాస్తు రాసిచ్చి ఎక్కడైనా హాస్టల్లో వెయ్యమని హెడ్‌మాస్టారు అంటున్నారు. ఇంట్లో మాత్రం పాడైన మిక్సీ విప్పి తనే బాగుచేశాడు. ఇలాంటి పిల్లలకు ప్రత్యేక చదువేదైనా ఉందా? పెద్దయ్యాక వీడు ఏమవుతాడు?

జవాబు: అమ్మా, ముందు ఆ దరఖాస్తు సంగతి. రాయకండి. విద్యాహక్కు చట్టం (2009) 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్నీ బడి నుంచి తీసెయ్యకూడదు. 2019లో ఆ సెక్షన్ని సవరించి ఐదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిలైన పిల్లల్ని అదే తరగతిలో ఆపే వీలు కల్పించారు గానీ, తీసెయ్యకూడదన్న మాట అలాగే ఉంది. అదే తల్లి రాసిస్తే లెక్క వేరు. అప్పుడు బడి పంపేసినట్టు ఎక్కడా ఉండదు, మీరే తీసుకెళ్ళినట్టు ఉంటుంది. మళ్ళీ అడిగితే నోటితో కాదనకండి, "ఆలోచించి కాగితం మీద జవాబిస్తానండి" అని వచ్చెయ్యండి.

హాస్టల్ మాట కూడా వదిలెయ్యండి. చాలా ఏళ్ళ కిందట ఇలాంటి పిల్లవాడి విషయంలో, చోటు మారితే సర్దుకుంటాడని నేనే ఒక కుటుంబానికి చెప్పాను. మూడు నెలలు తిరక్కుండా వాడు చదువే మానేశాడు. ఆ సలహా ఇచ్చినందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను. నాన్న పోయిన పిల్లవాడికి ఇంట్లో మిగిలింది మీరే. పిల్లల్లో దుఃఖం చాలాసార్లు కోపంగానో కడుపునొప్పిగానో బయటికొస్తుంది. బడికి కనిపిస్తున్నది ఆ కోపమొక్కటే.

ఇక ప్రత్యేక చదువు. అంటే వేరే బడి అని మీరు అనుకుంటున్నట్టున్నారు. మనకు కావలసింది ఇదే బడిలో, ఇదే క్లాసులో మీవాడికి అందాల్సిన సాయం. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఒకటి. ప్రభుత్వ నిధులతో నడిచే, ప్రభుత్వ గుర్తింపున్న బళ్ళు అలాంటి పిల్లల అవసరానికి తగ్గ వెసులుబాట్లు చెయ్యాలని ఈ చట్టంలోని 16వ సెక్షన్ చెబుతోంది. "సర్టిఫికెట్ తెస్తేనే చేస్తాం" అంటే కంగారుపడకండి. 40 శాతం వైకల్యం ఉండాలన్న షరతు పైచదువుల్లో 5 శాతం, ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ల లాంటి వాటికి. 16వ సెక్షన్‌కు ఆ షరతు లేదు. "పిచ్చి ముద్ర పడిపోతుందేమో" అన్న భయం చాలామంది తల్లుల గొంతులో విన్నాను. డాక్టరు కాగితంలోని వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. బడికి కావలసింది వాడికి ఏం అవసరమో రాసిన ఒక్క పేరా. వైద్యం ఫైలంతా ఇవ్వక్కర్లేదు.

పరీక్ష చేయించే విషయంలో మన సరిహద్దు వాళ్ళు పడే పొరపాటు ఒకటుంది, దాని గురించి గట్టిగా చెబుతాను. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాణ్ని ఒడియాలో ప్రశ్నలడిగి, వాడు తలదించుకుంటే "మందబుద్ధి" అని రాసేస్తారు. మనసులో ఉన్నది చెప్పడానికి పెద్దవాళ్ళకే సొంత భాష కావాలి. "నాన్న గుర్తొస్తున్నాడు" అన్న మాట పన్నెండేళ్ళవాడు ఒడియాలో ఎలా చెబుతాడు? అందుకని ఎక్కడికి తీసుకెళ్ళినా, రాయగడ జిల్లా ఆసుపత్రి అయినా, బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ మానసిక విభాగమైనా, తెలుగు వచ్చిన వాళ్ళు మాట్లాడాలని ముందే అడగండి. వీలు కాకపోతే విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఈలోగా 14416కి ఫోన్ చెయ్యండి. మనసు బాగోలేనివాళ్ళకు ఫోన్లోనే సాయం చెయ్యడానికి కేంద్రప్రభుత్వం 2022లో పెట్టిన టెలీమానస్ అది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ముందు మీరు మాట్లాడండి. ఈ రెండేళ్ళూ మీరూ మోస్తూనే ఉన్నారు కదా. కళ్ళు, చెవులు కూడా చూపించండి. చదవడం, రాయడంలో ఏమైనా ఇబ్బంది ఉందేమో అడగండి, అది చాలాసార్లు కోపం వెనక దాక్కుంటుంది.

తర్వాత ఉత్తరం. హెడ్‌మాస్టారి పేర, ఒడియా రాసేవాళ్ళ చేత రాయించండి. విషయం ఇంతే: "నా కొడుకు తండ్రి పోయినప్పటి నుంచి మానసికంగా ఇబ్బంది పడుతున్నాడు. బడి మాన్పించే ఉద్దేశం నాకు లేదు. బ్లాక్ రిసోర్స్ సెంటర్ నుంచి రిసోర్స్ టీచర్ని పిలిపించి, వాణ్ని చూపించి, వాడికోసం వ్యక్తిగత విద్యా ప్రణాళిక తయారు చెయ్యమని కోరుతున్నాను. ఆ సమావేశానికి నన్నూ పిలవండి." రిసోర్స్ టీచరంటే ఇలాంటి పిల్లలకు సాయపడే ప్రత్యేక టీచరు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకం కింద ఇలాంటి ఏర్పాటు ఉంది. రెండు నకళ్ళు తీసుకెళ్ళి, ఒకదాని మీద తేదీతో సంతకం, స్టాంపు వేయించుకోండి. బతిమాలిన మాట గాల్లో కలిసిపోతుంది గానీ స్టాంపు పడిన కాగితానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

సమావేశంలో "మా బాబును కాస్త చూసుకోండి" అంటే సరేనంటారు, అక్కడితో అయిపోతుంది. పేరుపేరునా అడగండి. తలుపు దగ్గర సీటు. గుండె బరువెక్కినప్పుడు చెయ్యెత్తి బయటికెళ్ళి పది నిమిషాలు కూర్చునే చోటు. ఆ సమయంలో వెళ్ళి మాట్లాడదగ్గ ఒక టీచరు, వీలైతే తెలుగు వచ్చినవారు. క్లాసు ముందు నిలబెట్టి తిట్టకపోవడం. కొట్టడం, మానసికంగా వేధించడం ఎలాగూ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. పరీక్షకు వేరే గది. రోజూ రెండు ముక్కలు రాసి పంపే ఒక నోటుబుక్కు. ఇందులో దేనికీ పెద్ద ఖర్చు లేదు. హెడ్‌మాస్టారిని శత్రువుగా చూడకండి, నిండిన క్లాసులో ఇలాంటి పిల్లవాడితో ఏం చెయ్యాలో ఆయనకు ఎవరూ నేర్పి ఉండకపోవచ్చు.

రెండు మూడు వారాలైనా కదలిక లేకపోతే అదే నకలు జతచేసి బీఈఓకి (బ్లాక్ విద్యాధికారికి), ఆ పైన జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయానికి ఇవ్వండి. బడి మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, వాళ్ళలో మీకు తెలిసినవారితో మాట్లాడండి. ఎవరైనా కొడితే మాత్రం ఆగకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి.

ఏమవుతాడని అడిగారు. ఇప్పుడే తేల్చకండి, దారులు మూసుకుపోకుండా చూసుకుందాం. ఎనిమిది పాసై 14 ఏళ్ళు నిండితే ఐటీఐలో వెల్డర్, వైర్‌మన్ లాంటి ట్రేడ్లున్నాయి. ఎలక్ట్రీషియన్‌కీ పాలిటెక్నిక్ డిప్లొమాకీ పది కావాలి, కాబట్టి పదో తరగతి దాకా వాణ్ని లాక్కురావడమే మన పని. మామూలు బడి ఎంత ప్రయత్నించినా కుదరకపోతే 14 ఏళ్ళు దాటాక ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్లో పది తెలుగులోనే రాయొచ్చు. అయితే అది ఆఖరి దారి, ఎందుకంటే ఇప్పుడు వాడికి తోటి పిల్లలు కావాలి.

ఆ మిక్సీ సంగతి నాకు రాసిన ఉత్తరంలో చివర రాశారు. సమావేశంలో మొదట చెప్పండి. గంటల తరబడి కూర్చుని ఒక వస్తువు విప్పి బిగించగలిగినవాడికి ఏకాగ్రత ఉంది, ఓపిక ఉంది. సైన్స్ టీచరు ఆ చేతులకు వారానికో పని అప్పజెప్పేలా ప్రణాళికలో రాయించండి.

స్టాంపు పడిన నకలు చేతికొచ్చాక నాకు మళ్ళీ రాయండి. అవసరమైతే బీఈఓకి ఇవ్వాల్సిన ఉత్తరం ఇద్దరం కలిసి రాద్దాం.