కొత్త విమానాలన్నీ ఒకేలా ఎందుకు ఉంటున్నాయి, ఇకముందు వాటి రూపం మారుతుందా?

కొత్తగా వస్తున్న ప్రయాణికుల విమానాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఎందుకు ఉంటున్నాయని, ముందుముందు వాటి రూపం ఎటు పోతుందని మీరు అడిగారు. నేను కోనసీమ వాడిని. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డ్రాయింగ్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. విమానాల తయారీతో నాకు సంబంధం లేదు గానీ, ఏ వస్తువును చూసినా దాని గీత అక్కడే ఎందుకు వంపు తిరిగిందని వెతకడం మాత్రం అలవాటైపోయింది.

మీరు గమనించింది చాలావరకు నిజమే. 1957లో తొలిసారి ఎగిరిన బోయింగ్ 707ను, 2013లో తొలిసారి ఎగిరిన ఎయిర్‌బస్ ఏ350ను పక్కపక్కన నిలబెట్టి చూస్తే, గొట్టంలాంటి ఒళ్లు, వెనక్కి వాలిన రెక్కలు, వాటి కింద వేలాడే ఇంజిన్లు రెండింటికీ ఉమ్మడిగానే కనిపిస్తాయి. అంత ఎత్తున బయటి గాలి బాగా పలచగా ఉంటుంది, లోపల మాత్రం మనకు ఊపిరాడేంత ఒత్తిడి నింపాలి. ఆ ఒత్తిడిని తక్కువ బరువుతో మోయగలిగింది గుండ్రని గొట్టమే. సగం తలుపులు పనిచేయకపోయినా 90 సెకన్లలో అందరూ బయటపడగలగాలన్న నియమం తలుపుల చోటును చాలావరకు నిర్ణయించేస్తుంది. ఇక ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 రెక్కల ఈ కొస నుంచి ఆ కొస వరకు ఉండే వెడల్పు 36 మీటర్లకు కాస్త లోపలే ఆగిపోవడానికి కారణం, ఆ తరగతి విమానాలకు విమానాశ్రయాల్లో కేటాయించే చోటు అంతే కావడం. ఇన్ని కొలతల మధ్య డిజైనరుకు మిగిలేది అంచులే. బోయింగ్ 2001లో సోనిక్ క్రూయిజర్ అనే విమానానికి ఎంతో వింతైన బొమ్మ చూపించి, మరుసటి ఏడాది చివరికల్లా దానిని పక్కన పెట్టేసింది. ఆ తర్వాత వచ్చిన 787కు కూడా తొలి బొమ్మల్లో సొరచేప తోకలాంటి తోక ఉండేది, కానీ తయారై వచ్చిన విమానానికి మామూలు తోకే ఉంది.

అందుకే కొత్తదనాన్ని అంచుల్లో వెతకమంటాను. బోయింగ్ వాళ్ల 777ఎక్స్ రెక్కలు విప్పితే దాదాపు 72 మీటర్లు. అంత వెడల్పుతో మామూలు గేటు దగ్గరకు రాలేదు కనుక, నేల మీద చివరలను పైకి మడిచి 65 మీటర్లలోపుకు తెస్తారు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కేటప్పుడు కారు అద్దాలు లోపలికి మడుచుకోవడం మా వాళ్లందరికీ అలవాటే కాబట్టి, ఈ ఏర్పాటు నాకు వింతగా అనిపించలేదు.

787ను మాత్రం నేను లోపలి నుంచి చూశాను. అమ్మాయి దగ్గరకు వెళ్తున్న ప్రయాణంలో ఎండ ముఖాన పడుతుంటే, మా ఆవిడ కిటికీ పై అంచున వేళ్లతో తడిమి తడిమి, "ఏవండీ, దీనికి కిందికి లాగే రేకు లేదేమిటండీ?" అని అడిగింది. కింద ఉన్న బొత్తాం నొక్కాను; అద్దం వెంటనే కాకుండా, నీళ్లలో ఇంకు కలిసినట్టు మెల్లమెల్లగా నీలంగా మారింది. ఆ కిటికీ అంత పెద్దది కావడానికీ, పన్నెండు గంటలు కూర్చున్నా గొంతు మునుపటంత ఎండిపోకపోవడానికీ కారణం ఒకటే. ఆ విమానం బరువులో సుమారు సగం కార్బన్ పీచుతో చేసిన మిశ్రమ పదార్థం. అది లోహంలా తుప్పు పట్టదు, ఒత్తిడి పదేపదే పడినా లోహంలా త్వరగా అలసి బలం కోల్పోదు. అందువల్ల లోపల తేమ పెంచవచ్చు, పాత విమానాల్లో 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టుండే గాలి ఒత్తిడిని 6,000 అడుగుల స్థాయికి తేవచ్చు. నా దృష్టిలో ఇటీవలి డిజైన్లలో అసలైన మార్పు ఇదే, అయితే నేల మీద నిలబడి ఫోటో తీస్తే ఇది కనిపించదు.

బయటికి కనిపించేది ఇంజిన్ మూతి. సన్నని కర్రతో నీళ్లను గబగబా కొట్టడం కంటే వెడల్పాటి తెడ్డును నిదానంగా లాగితే పడవ తక్కువ శ్రమతో సాగుతుందని పడవ నడిపే ఎవరైనా చెబుతారు. గాలి విషయంలోనూ అంతే. అందుకే ఇంజిన్ మూతిలో తిరుగుతూ గాలిని వెనక్కి నెట్టే ఫ్యాన్లు ఏటికేడాది పెద్దవవుతున్నాయి. ఏ320 కొత్త రకమైన ఏ320నియోకు అమర్చే ఒక ఇంజిన్‌లో ఫ్యాను అడ్డకొలత 198 సెంటీమీటర్లయితే, 777ఎక్స్‌లో అది 340. 737ను 1960లలో నేలకు బాగా దగ్గరగా కట్టారు కాబట్టి, తర్వాత లావైన ఇంజిన్లకు కింద చోటు చాలక, మూతి అడుగుభాగాన్ని నొక్కినట్టు చదును చేయవలసి వచ్చింది. ఇంకా పెంచాలంటే ఫ్యాను చుట్టూ ఉండే తొడుగే బరువైపోతుంది కనుక, ఆ తొడుగును తీసేసి రేకులను బయటే తిప్పే ఇంజిన్ మీద సీఎఫ్‌ఎం సంస్థ 2021 నుంచి బహిరంగంగా పనిచేస్తోంది. నాసా, బోయింగ్ కలిసి తలపెట్టిన ఎక్స్-66లో రెక్క సన్నగా, పొడవుగా, విమానం నెత్తిమీద ఉండి, కింద నుంచి ఊతకర్రతో నిలబడుతుంది. 2025లో ఆ ప్రయోగ విమానాన్ని ఆపి, ప్రస్తుతానికి సన్నని రెక్క మీదే దృష్టి పెట్టారు. శరీరమూ రెక్కా కలిసిపోయిన వెడల్పాటి విమానాల బొమ్మలు కూడా వస్తున్నాయి గానీ, కిటికీకి దూరంగా సినిమా హాలులో కూర్చున్నట్టు ప్రయాణించడానికి జనం ఒప్పుకుంటారని నాకు నమ్మకం లేదు.

ఇక్కడే నాకు నవ్వు వస్తుంది. రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయం నుంచి హైదరాబాదుకు నేను ఎక్కువగా వెళ్లింది ఏటీఆర్ 72లో. వెనక తలుపున ఎక్కి, రెక్క కింద సీటులో కూర్చుంటే ఆరు రేకుల ప్రొపెల్లర్ చేతికందేంత దగ్గరలో తిరుగుతుంది. రెక్క తల మీద ఉండటం వల్ల ధవళేశ్వరం బ్యారేజీ, లంకలు ఏ అడ్డూ లేకుండా కనిపిస్తాయి. పక్క సీటులోని కుర్రవాడు ఒకసారి, "ఇంకా ఈ పంకా విమానమేనా మాస్టారూ" అని విసుక్కున్నాడు. రెక్క పైకెక్కి, రేకులు బయటపడే ఆ కొత్త విమానం నిజంగా వస్తే, దూరం నుంచి చూసినప్పుడు దాని పోలికలు ఎక్కువగా ఆ కుర్రవాడు విసుక్కున్న విమానానివే.