అంతర్జాతీయ యువ క్వయర్ ఉత్సవం ప్రారంభ కచేరీలో పాడబోతున్నాం. ముందే ఏం తెలుసుకోవాలి?

ప్రారంభ కచేరీలో మీ క్వయర్‌కు, అంటే మీ గాయక బృందానికి, రెండు పాటలు ఇచ్చారని, తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉందని రాశారు. అలాంటి ఉత్సవంలో టెనర్ వరసలో, అంటే పై స్థాయిలో పాడే మగ గొంతుల వరసలో, నిలబడి పాడినవాణ్ణి, తర్వాత పిల్లల క్వయర్‌కు తోడుగా వెళ్లినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. పాట మీకు ఎలాగూ వచ్చు. ఆ సాయంత్రం కొత్తగా ఎదురయ్యేది హాలు. ఆ టెన్షనేదో దాని గురించి పడండి.

ముందు ఒక ఊరట. ప్రారంభ కచేరీకి మామూలుగా మార్కులు ఉండవు. 1961లో జర్మనీలోని పస్సావులో మొదలైన యూరోపా కాంటాట్ లాంటి ఉత్సవాల్లో అసలు పోటీయే లేదు. 2000లో ఆస్ట్రియాలోని లింజ్‌లో మొదలైన వరల్డ్ క్వయర్ గేమ్స్ లాంటివి పోటీలే అయినా, ప్రారంభ కార్యక్రమం వేరు, పోటీ వేరు. సాధారణంగా ప్రసంగాలు, ఆతిథ్య బృందం పాట, తర్వాత ఒక్కో క్వయర్ వచ్చి కాసేపు పాడి దిగిపోవడం, చివర్లో అందరూ కలిసి ఒక పాట. ప్రసంగాలు మాత్రం కాగితం మీద రాసిన టైముకు ఎక్కడా అయిపోవు. ఆ సేపంతా గొంతు చల్లబడకుండా పెదాలు మూసుకుని మెల్లగా కూనిరాగం తీస్తూ ఉండండి.

ఇక హాలు. సౌండ్ చెక్‌కు ఇచ్చేది కొద్ది నిమిషాలే, అదీ ఖాళీ కుర్చీల మధ్య. మంచి కచేరీ హాల్లో మారుమోత అణగడానికి సుమారు 2 సెకన్లు పడుతుంది, పెద్ద రాతి చర్చిల్లో 5 సెకన్లు దాటవచ్చు. అలాంటి చోట వేగంగా సాగే పాట ఎత్తుకుంటే మాటలన్నీ ముద్దయిపోతాయి. ఎంచుకునే వీలుంటే నిదానమైన పాటే పెట్టుకోండి. సాయంత్రానికి జనం నిండితే వాళ్ల ఒళ్లు, బట్టలు శబ్దాన్ని పీల్చేసుకుంటాయి. మధ్యాహ్నం గుయ్యిమన్న హాలే అప్పుడు పొడిగా అనిపిస్తుంది. ప్రతివాళ్లకీ తానొక్కరే పాడుతున్నట్టుగా ఉంటుంది. ఆ భయంతో ఒకరు గొంతు పెంచితే వరసంతా పెంచేస్తుంది, శ్రుతి చెడేది అక్కడే. అందుకే ఇప్పటి నుంచే రోజుకో గదిలో ప్రాక్టీసు చేయండి. ఒకరోజు దూరం దూరంగా నిలబడండి, ఇంకోరోజు అందరికన్నా పై స్థాయిలో పాడే సొప్రానోల పక్కన అందరికన్నా కింది స్థాయిలో పాడే బేస్ వాళ్లను పెట్టండి. పక్కవాళ్ల ఆసరా లేకుండా తన స్వరం తాను నిలబెట్టుకోవడం అప్పుడే వస్తుంది.

మొదటి స్వరం దగ్గర ఇంకో చిక్కు ఉంది. ముందు నిలబడి చేత్తో పాట నడిపించే మా కండక్టర్, తట్టగానే ఒకే స్వరం పలికే లోహపు శ్రుతిదండాన్ని మోకాలికి తట్టి చెవి దగ్గర పెట్టుకునేవారు. 440 హెర్ట్జ్‌ల ఆ ఒక్క స్వరం నుంచి నాలుగు వరసల స్వరాలూ లెక్కగట్టి, మాకు మాత్రమే వినపడేలా అందించేవారు. ప్రాక్టీసు గదిలో అది చిటికెలో పని. కచేరీలో మీకు ముందు పాడిన బృందం వేరే శ్రుతిలో ముగించి దిగుతుంది, చప్పట్లు ఇంకా ఆగవు, వాళ్ల చివరి స్వరం చెవిలో మోగుతూనే ఉంటుంది. దీనికి మేం ప్రాక్టీసులో చేసిన పని ఏంటంటే, ఫోన్‌లో ఏదో ఒక పాట గట్టిగా పెట్టి, మధ్యలో టక్కున ఆపి, వెంటనే మా స్వరం తీసుకుని మొదలుపెట్టడం. మహా చిరాగ్గా ఉంటుంది గానీ బాగా పనిచేస్తుంది.

మెట్ల వేదిక మీద మోకాళ్లు బిగబట్టి నిలబడొద్దు. లైట్ల వేడికి, కాళ్లలో రక్తం నిలిచిపోవడానికి కళ్లు తిరుగుతాయి. మా వెనక వరసలో ఒకమ్మాయి పాట మధ్యలో అలాగే ఒరిగిపోతే ఇద్దరం పట్టుకుని కూర్చోబెట్టాం, పాట ఆగలేదు. కాస్త మోకాలు వదులుగా ఉంచి, బరువు ఈ కాలి నుంచి ఆ కాలికి మార్చుకుంటూ ఉంటే చాలు.

చివరి ఉమ్మడి పాటలో చెవిని నమ్మొద్దు, కంటినే నమ్మండి. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లే పోతుంది. మీకు 35 మీటర్ల దూరంలో ఉన్న బృందం గొంతు సెకనులో పదో వంతు ఆలస్యంగా మీకు చేరుతుంది. దాన్ని విని పాడితే మీరు వెనకబడతారు, మిమ్మల్ని విన్నవాళ్లు ఇంకా వెనకబడతారు. ఎస్టోనియాలో 1869లో మొదలైన పాటల పండుగలో ఈ రోజుల్లో వేలమంది ఒకేసారి పాడగలుగుతున్నారంటే అందరి చూపూ కండక్టర్ చేతి మీదే ఉండబట్టి. ఉమ్మడి పాట నోట్స్ ముందే పంపిస్తారు. దాన్ని ప్రయాణంలో చూసుకుందాంలే అనుకోకండి. కాగితం వైపు వంచిన తల చెయ్యిని చూడలేదు.

మీ వంతు అయ్యాక కూర్చోనిస్తే మిగతా క్వయర్లను పూర్తిగా వినండి, ముఖ్యంగా వాళ్లు ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో గమనించండి. కచేరీ అయ్యాక మెట్ల మీదా నడవాల్లోనూ అర్ధరాత్రి దాకా పాటలు సాగుతాయి, వద్దన్నా ఎవరూ ఆగరు. మర్నాడు మీకు పోటీ ఉంటే మాత్రం ఒక పాట పాడి గదికి వెళ్లిపోండి.