దాతను లెక్క అడగవచ్చా?

ప్రశ్న: నేను హనుమకొండలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో పాఠాలు చెబుతాను. మా కొత్త కంప్యూటర్ ల్యాబ్‌కు బిల్ గేట్స్ పేరు పెట్టాలని విద్యార్థులు ప్రతిపాదించారు. భద్రాచలం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మాత్రం, ‘మా దగ్గర హాస్టల్ పిల్లల మీద టీకా ప్రయోగం చేయించింది ఆయన డబ్బే’ అని అడ్డు చెప్పింది. మిగిలినవారు ఆయన దానధర్మాలను ఏకరువు పెట్టారు. వాదన తెగక చివరికి నన్ను తీర్పు చెప్పమన్నారు. ఇటువంటి మనిషి మంచిచెడ్డలను ఎలా నిర్ణయించాలి?
— ఒక అధ్యాపకురాలు, హనుమకొండ

జవాబు: మీ విద్యార్థులు ఒకే మనిషి గురించి మాట్లాడుతున్నా, రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. ఆయన వల్ల ఎంత మేలు జరిగిందన్నది ఒకటి. ఆయన తన నిర్ణయాలకు ఎవరికి జవాబుదారీ అన్నది మరొకటి. మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు ఎంత గొప్పదైనా, దానితో రెండో ప్రశ్న చెల్లిపోదని నా అభిప్రాయం.

వ్యాపారం సంగతి ముందు చూద్దాం. విండోస్‌తో తన బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను ముడిపెట్టి, కంప్యూటర్ తయారీదారులపై షరతులు విధించి, పోటీ బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్‌ను దెబ్బతీసిందంటూ 1998 మే నెలలో అమెరికా న్యాయశాఖ, పలు రాష్ట్రాలు గేట్స్ కంపెనీ మైక్రోసాఫ్ట్‌పై దావా వేశాయి. 2000లో కింది కోర్టు ఆ కంపెనీని రెండుగా విడగొట్టమని ఆదేశించింది. 2001లో అప్పీలు కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది కానీ, కంపెనీ తన గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకున్నదన్న నిర్ధారణను మాత్రం అలాగే ఉంచింది. గేట్స్ అభిమానులు తీర్పులో మొదటి సగమే గుర్తుపెట్టుకుంటారు. ఆ పద్ధతుల వల్ల నష్టపోయినవారు పోటీ కంపెనీలవారు, ఎంచుకునే వీలు లేకపోయిన వినియోగదారులు. తర్వాతి కాలంలో మలేరియా మీద, పోలియో మీద ఖర్చు పెట్టిన డబ్బు వారికి చేరలేదు, చేరాలని ఎవరూ అనుకోలేదు కూడా. కనుక ఆ దానాన్ని ఈ తప్పుకు పరిహారంగా రాసుకోవడం కుదరదు. అంతమాత్రాన దానం విలువ తగ్గదు.

ఆ విలువ చిన్నదేమీ కాదు. 2003లో ఆయన దాతృత్వ సంస్థ గేట్స్ ఫౌండేషన్ మొదలుపెట్టిన ‘అవాహన్’ కార్యక్రమం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో సెక్స్ వర్కర్ల మధ్య, లారీ డ్రైవర్ల మధ్య హెచ్‌ఐవీ నివారణకు పనిచేసింది. పేరున్న దాతలు ఆ పనికి అంత సులభంగా ముందుకు రారు. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్, పసిపిల్లల్లో విరేచనాలు కలిగించే రొటావైరస్‌కు టీకాను తయారుచేయడంలోనూ ఫౌండేషన్ సాయం ఉంది. ఆ టీకా 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో చేరింది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి పిల్లల వార్డులో విరేచనాలతో సొమ్మసిల్లిన పసిబిడ్డను చూసినవారికి దాని విలువ నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఆ అమ్మాయి లేవనెత్తిన విషయం. దీన్ని వివరంగానే చెప్పాలి, ఎందుకంటే వాట్సాప్‌లో తిరిగే కథకు, జరిగినదానికి తేడా ఉంది. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేశారు. నడిపినది ‘పాత్’ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ. కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం భాగస్వాములు. నిధులు గేట్స్ ఫౌండేషన్‌వి. టీకాలు తయారీ కంపెనీ ఉచితంగా ఇచ్చినవి. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇటువంటిదే జరిగింది. రెండుచోట్లా కలిపి ఏడుగురు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దీన్ని ఆపించింది. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఆ మరణాలకు పాముకాటు, నీట మునగడం, పురుగుమందు, మలేరియా వంటి కారణాలను గుర్తించింది. టీకాకు సంబంధం కనిపించలేదన్నది. ‘టీకా వేసి చంపారు’ అన్న మాట నిలవదు. ఆ టీకా ఎన్నో దేశాల్లో వాడుకలో ఉన్న మంచి టీకాయే.

నిలిచే ఆరోపణ వేరే ఉంది. తల్లిదండ్రులు సంతకం చేయవలసిన అంగీకార పత్రాల్లో రెండు వేలకు పైగా హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకం చేసినవే. టీకా తర్వాత పిల్లలకు ఏమైనా జరిగితే నమోదు చేసే ఏర్పాటు సరిగా లేదు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం పాత్‌ను, ఐసీఎంఆర్‌ను, ఔషధ నియంత్రణ అధికారులను గట్టిగా తప్పుబట్టింది. వార్డెన్ సంతకానికి గేట్స్ స్వయంగా బాధ్యుడని నేననను. ఆ బాధ్యతలో పెద్ద వాటా మన ప్రభుత్వానిది, మన అధికారులది. పిల్లలు కోయలో, లంబాడీలో అయితే తల్లిదండ్రులను అడగకపోయినా నడుస్తుందన్న అలవాటు మనది. కానీ ఏ జబ్బు మీద, ఏ మందుతో, ఎక్కడ పని జరగాలన్నది డబ్బు పెట్టినవారి ఇష్టాన్ని బట్టి సాగినప్పుడు, ఆ డబ్బు చివరికి ఎవరి గడపకు ఎలా చేరిందో చూసుకోవలసిన బాధ్యత వారిపై ఉంటుంది. ప్రభుత్వాన్ని ఎన్నికల్లో ఓడించవచ్చు. మైక్రోసాఫ్ట్‌ను కోర్టుకు ఈడ్చారు. ఆశ్రమ పాఠశాలలో చదివే అమ్మాయి తండ్రికి ఫౌండేషన్‌ను నిలదీసే దారి ఏదీ లేదు.

వ్యాపారి గేట్స్, దాత గేట్స్ ఇద్దరు వేర్వేరు మనుషులని కొందరంటారు. నాకలా తోచదు. సాఫ్ట్‌వేర్‌ను డబ్బు కట్టకుండా నకలు చేసుకోవడం దొంగతనమని 1976లోనే ఆయన బహిరంగ లేఖ రాశారు. 2021 ఏప్రిల్‌లో ఇతర కంపెనీలు కూడా తయారుచేసేందుకు వీలుగా కొవిడ్ టీకాల మేధోహక్కులను సడలించడాన్ని వ్యతిరేకించింది కూడా ఆయనే. మరుసటి నెలలో ఫౌండేషన్ పరిమిత సడలింపుకు ఒప్పుకున్నది. దానం చేసేటప్పుడు కూడా యాజమాన్య హక్కుపై ఆయన నమ్మకం సడలలేదు.

ల్యాబ్ పేరు విషయంలో నేనైతే ఒప్పుకోను. ఆయన చెడ్డవాడని కాదు. దాదాపు మొత్తం సంపద ఖర్చు చేసి 2045 చివరికల్లా ఫౌండేషన్‌ను మూసివేస్తామని ఆయన 2025లో ప్రకటించారు. ఇంకా ఇన్నేళ్లు, ఇన్ని నిర్ణయాలు ముందున్న మనిషి పేరును ఇప్పుడే గోడకెక్కించడం తొందరపాటు. ల్యాబ్ ప్రారంభం రోజున అప్పీలు కోర్టు తీర్పును, స్థాయీ సంఘం నివేదికను విద్యార్థుల చేత చదివించి చర్చ పెట్టండి. ఆ అమ్మాయిని ముందు మాట్లాడనివ్వండి.

ప్రశ్న: ఆయన విడాకులు, జెఫ్రీ ఎప్‌స్టీన్‌తో పరిచయం కూడా ఈ లెక్కలోకి వస్తాయా?
— ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: విడాకులు రావు, అది ఆ కుటుంబం సంగతి. ఎప్‌స్టీన్ పరిచయం వస్తుంది. లైంగిక నేరంలో అతనికి 2008లో శిక్ష పడిన తర్వాతే గేట్స్ అతన్ని కలిశారు. దాతృత్వానికి డబ్బు సమకూర్చగలడన్న ఆశతో కలిశానని, అది పెద్ద పొరపాటని ఆయనే 2021లో చెప్పారు. దానం పేరు చెప్పి వెళ్లారు కనుకనే అది సొంత విషయం కాకుండా పోయింది.